ఎర్రచుక్కా, దుర్భిణా?

రైఫిల్ క్లబ్బుల్లో తెగని పంచాయితీ ఒకటుంది. ఎర్రచుక్క సైటు మెచ్చేవాడు "రెండు కళ్ళూ తెరువు, చుక్క ఎక్కడుంటే తూటా అక్కడికి పోతుంది, ఇంకేం కావాలి?" అంటాడు. స్కోపు మెచ్చేవాడు "కనబడనిదాన్ని ఎలా కొడతావయ్యా?" అని ఒక్క ముక్కలో తోసేస్తాడు. ఇద్దరూ సంచిలోంచి కాగితం టార్గెట్లు తీసి చూపిస్తారు. ఇద్దరి కాగితాల మీదా చిల్లులు ముచ్చటగానే ఉంటాయి. కాబట్టి ఎవరూ ఒప్పుకోరు.

నా లెక్కలో వాళ్ళు వాదిస్తున్నది ఒకే విషయం మీద కాదు. గురి అనేదాంట్లో మూడు పనులున్నాయి. ఎదుటిదాన్ని చూసి అది ఏమిటో పోల్చుకోవాలి. తుపాకీని దానికేసి సరిగ్గా నిలపాలి. నిలిపింది చెదరకుండా ట్రిగ్గర్ లాగాలి. పెద్దదిగా చూపించే కటకం మొదటి పనికి ఎంతో సాయం, రెండోదానికి కొంత సాయం, మూడోదానికి ఏ సాయమూ చేయదు, ఒక్కోసారి అడ్డు కూడా వస్తుంది. ఎర్రచుక్క మొదటి పని జోలికే పోదు. రెండోదాన్ని తేలిక చేసి, త్వరగా ముగిస్తుంది. ఈ మూడింటినీ కలిపేసి "ఏది ఎక్కువ గురి?" అని అడిగితే జవాబు రాదు. ఏ పనిలో తప్పు జరుగుతోందో ముందు తేల్చుకోవాలి.

దానికి కొలత కావాలి. గురి పట్టేవాళ్ళ కొలత మినిట్, అంటే డిగ్రీలో 60వ వంతు. 100 మీటర్ల దూరంలో ఒక మినిట్ అంటే 2.9 సెంటీమీటర్లు, 300 మీటర్లకు 8.7. ఆరోగ్యంగా ఉన్న కన్ను విడివిడిగా పోల్చుకోగల కనీస ఎడం కూడా సుమారు ఒక మినిట్టే. కంటి డాక్టరు 6/6 అని రాసేది దాన్నే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. నిలబడి, ఎగశ్వాసతో, తొందరలో కాల్చే సిపాయిని తీసుకుందాం. అతని రైఫిలూ తూటా కలిసి 3 మినిట్ల చెదురు అనుకోండి. సైన్యాల మామూలు రైఫిళ్ళకు అది తప్పుపట్టాల్సిన అంకె కాదు. చేతుల ఊపు 8 మినిట్లు. కన్ను చేసే పొరపాటు 1 మినిట్. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఈ మూడూ నేరుగా కూడవు. వాటి వర్గాలను కూడి వర్గమూలం తీయాలి. వచ్చేది 8.6. అతనికి నాలుగింతలు చూపించే స్కోపు ఇచ్చి కంటి పొరపాటును పావు మినిట్‌కు దించామనుకుందాం. మొత్తం 8.55 అవుతుంది. అంత డబ్బు పోసి కొన్నది మినిట్‌లో ఇరవయ్యో వంతు.

అదే స్కోపును ఇసుక సంచి మీద ఆనించిన పోటీ రైఫిలుకు బిగించండి. రైఫిలు 0.7, ఊపు 0.5, కన్ను 1. మొత్తం 1.32. కంటి తప్పును పావుకు దించితే 0.9. మూడోవంతు చెదురు పోయింది. క్లబ్బులో ఇద్దరి కాగితాలూ నిజమే ఎందుకయ్యాయో ఈ రెండు లెక్కల్లోనే ఉంది. అంకెలు నేను ఊహకు వేసినవే, కానీ పద్ధతి అదే. పెద్ద తప్పును వదిలేసి చిన్న తప్పును సానబెడితే ఫలితం కాగితం మీద కనబడదు.

మా వైపు తెలుగువాళ్ళ ఇళ్ళలో తుపాకీ మాట వస్తే కట్టబొమ్మన్ రాక తప్పడు కనుక ఆ ముచ్చటా ఇక్కడే కానిచ్చేస్తాను. మదురై మాట్టుతావణి బస్టాండులో తిరునల్వేలి బస్సెక్కి కోవిల్‌పట్టి దాటాక కయత్తారు వస్తుంది. కంబళత్తు నాయకర్ల ఇంటి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్‌ను 1799 అక్టోబరు 16న కంపెనీవాళ్ళు ఉరితీసింది ఆ ఊళ్ళోనే. అంతకు ఆరు వారాల ముందు, సెప్టెంబరు 5న, మేజర్ బ్యానర్‌మన్ పాంచాలంకురిచ్చి మట్టికోట మీద పడి, మొదటి ఊపులో చావుదెబ్బ తిని వెనక్కి తగ్గాడు. ఆనాటి కంపెనీ పటాలాల బ్రౌన్ బెస్ తుపాకీకి వెనక సైటు అన్నదే లేదు. బాయ్‌నెట్ తగిలించుకునే ముక్కే ముందు సైటు. ముప్పావు అంగుళం నున్నటి గొట్టం, అందులో వదులుగా దిగే సీసపు గుండు. గుండు గొట్టం గోడలకు తగులుతూ, ఆఖరున ఏ పక్క తగిలితే దానికి ఎదురు దిక్కుకు పోయేది. వంద గజాలు దాటాక తగలడం అదృష్టమేనని ఆ కాలపు ఇంగ్లీషు అధికారులే రాసుకున్నారు. ఆ తుపాకీకి ఇవాళ్టి ఖరీదైన స్కోపు బిగించినా ఒరిగేదేమీ ఉండదు. గొట్టం లోపల మెలికల గాడులు పడి, గుండు తిరుగుతూ బయటికి రావడం మొదలయ్యాకే సైటు గురించి మాట్లాడటానికి అర్థం ఏర్పడింది.

మరి కటకమే లేకుండా మనిషి ఎంత సూక్ష్మంగా కొట్టగలడు? దీనికి సాక్ష్యం హైదరాబాదులో ఉంది. చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చాడు, 701.1 పాయింట్లతో. అదే హైదరాబాదు కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022 మే నెలలో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో అదే పోటీలో స్వర్ణం కొట్టాడు. ఈ పోటీలో టెలిస్కోపు సైటు నిషిద్ధం, ఎర్రచుక్కా నిషిద్ధమే. వెనక చిన్న రంధ్రం, ముందు ఒక వలయం, అంతే. పది అనే వృత్తం 0.5 మిల్లీమీటర్ల చుక్క. పెల్లెట్టే 4.5 మిల్లీమీటర్ల లావు! 10 మీటర్ల దూరంలో ఆ చుక్క 0.17 మినిట్, అంటే కంటి హద్దులో ఆరోవంతు. నిలబడ్డచోటి నుంచి అది కనబడనే కనబడదు.

కనబడనిదాన్ని ఎలా కొడుతున్నారు? చుక్కను చూసి కాదు. 30.5 మిల్లీమీటర్ల నల్లటి గుండ్రాన్ని ముందు వలయం మధ్యలో కూర్చోబెడతారు. నలుపు చుట్టూ తెల్లటి అంచు అన్ని పక్కలా సమానంగా ఉందా లేదా అని చూస్తారు. వృత్తంలో వృత్తం నడిమికి కూర్చుందో లేదో పసిగట్టడంలో కన్ను తన 6/6 హద్దును మించి పనిచేస్తుంది. ఒక గీత ఇంకో గీతకు ఎదురుగా ఉందా పక్కకు జరిగిందా అన్నది సెకన్ల కోణంలో కూడా కనిపెట్టేస్తుంది. స్కోపు వాదులు "కనబడనిదాన్ని ఎలా కొడతావు?" అన్నప్పుడు మరచిపోయేది ఈ సంగతే. లక్ష్యం స్పష్టమైన ఆకారంలో, మంచి వెలుతురులో, తెలిసిన దూరంలో, కదలకుండా ఉంటే పెద్దదిగా చూపించే కటకం అవసరం చాలా తగ్గిపోతుంది. చెట్టు కింద, మసక వెలుతురులో, మట్టిరంగు మీద మట్టిరంగుగా ఉన్నప్పుడు ఈ విద్య పనిచేయదు. అంచే లేనిదాన్ని దేని నడుమ కూర్చోబెడతారు?

ఎర్రచుక్క సంగతికి వద్దాం. దాని మూలసూత్రం కొత్తదేమీ కాదు. ఐర్లండు దుర్భిణుల తయారీదారు హోవర్డ్ గ్రబ్ 1900లోనే అద్దంలో ప్రతిఫలించే గురిగుర్తును కనిపెట్టాడు. తర్వాత యుద్ధవిమానాలు దాన్ని వాడుకున్నాయి. చేతి తుపాకీ మీదికి దించి, చిన్న బ్యాటరీతో వెలిగేలా చేసి 1975లో బజారుకు తెచ్చింది స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్. లోపల ఒక చిన్న ఎర్రదీపం, దాని కాంతిని వెనక్కి తిప్పే వంపు గాజు. గాజు మీది పూత ఎరుపును మాత్రమే తిప్పికొట్టి తక్కిన రంగులను పోనిస్తుంది. తిరిగొచ్చిన కిరణాలు సమాంతరంగా వస్తాయి కాబట్టి చుక్క ఎక్కడో అనంతదూరంలో ఉన్నట్టు కంటికి తోస్తుంది. కన్ను లక్ష్యం మీదే ఉండొచ్చు. తల అటూఇటూ కదిలినా పెద్ద నష్టం లేదు.

ఇనుప సైటుతో అలా కాదు. వెనక సైటు, ముందు సైటు, లక్ష్యం మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. కన్ను ఒక్కదాని మీదే నిలుస్తుంది. ఇరవయ్యేళ్ళవాడి కన్ను మూడింటి మధ్య గంతులేసి సర్దుకుంటుంది. నలభై దాటాక ముందు సైటు అలుక్కుపోవడం మొదలవుతుంది. ఈ చర్చలో కంటి వయసు మాట ఎవరూ ఎత్తరు గానీ, నా మట్టుకు సగం జవాబు అక్కడే ఉంది. మదురైలో ఉంటూ కంటి సంగతి దాటేయడం కూడా కుదరదు. ఎట్టయపురం దగ్గరి వడమలాపురంలో, తెలుగిళ్ళున్న ఆ నల్లరేగడి సీమలో పుట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి ఈ ఊళ్ళోనే ఉంది. దాని తోబుట్టువైన ఆరోలాబ్ 1992 నుంచి కంటిలో అమర్చే కటకాలు తయారు చేస్తోంది. శుక్లం తీసి మామూలు కటకం పెట్టిన కన్ను సాధారణంగా ఒకే దూరానికి స్థిరపడిపోతుంది. దూరపు చూపుకు అమర్చిన కటకమైతే ఇనుప సైటు చెరిగిపోతుంది. లక్ష్యమూ చుక్కా మాత్రం ఒకే తలంలో నిక్కచ్చిగా నిలుస్తాయి. అరవై దాటి క్లబ్బుకు వచ్చే పెద్దమనుషులకు ఎర్రచుక్క ఫ్యాషన్ కాదు. స్కోపు కూడా ఇదే మేలు చేస్తుంది, పైగా వెనక కటకం తిప్పి తమ చూపుకు తగ్గట్టు సర్దుకోవచ్చు.

చుక్కకు శత్రువు ఆస్టిగ్మాటిజం. కంటి ముందు పొర ఒక దిక్కున ఎక్కువ వంగి ఉన్నవాళ్ళకు గుండ్రటి చుక్క తోకచుక్కలానో, ద్రాక్షగుత్తిలానో కనబడుతుంది. కొన్నవాడు సైటు చెడిపోయిందని దుకాణానికి తిప్పి పంపుతాడు. అసలు సంగతి తెలుసుకోవడం తేలిక. సైటు వెనక ఫోను కెమెరా పెట్టి ఫొటో తీయాలి. ఫొటోలో చుక్క గుండ్రంగా ఉంటే లోపం కంటిది. అప్పుడు చుక్క వెలుతురు తగ్గించి చూడాలి, లేదా కళ్ళజోడు సిలిండర్ నంబరుతో సరిచేయించుకోవాలి. అవీ కాకపోతే గాజు మీద గీసిన గుర్తులుండే స్కోపుకు మారాలి.

చుక్క పరిమాణం మీద కూడా చాలా అపోహ ఉంది. 2 మినిట్ల చుక్క 300 మీటర్ల దగ్గర 17 సెంటీమీటర్లకు పైగా కప్పుతుంది, అంటే మనిషి తలంత. 4 మినిట్లదైతే ఛాతీలో చాలా భాగం. "కప్పేస్తే గురి ఎలా?" అంటారు. కప్పినంత మాత్రాన అది తప్పు కాదు. పైన చెప్పిన వలయం విద్యే ఇక్కడా పనిచేస్తుంది. చుక్క నడిమిని లక్ష్యం నడిమికి తేవడం కంటికి కష్టం కాదు. చుక్క చుట్టూ లక్ష్యం అంచు కొంచెమైనా కనబడాలి, అంతే. కనబడకుండా పోయాకే అసలు ఇబ్బంది మొదలు. వెలుతురు పెంచి వాడేవాళ్ళకు ఆ ఇబ్బంది ముందే వస్తుంది, ఎందుకంటే మెరిసే చుక్క ఉబ్బి కనబడుతుంది. వెనక మూడింతల మాగ్నిఫయర్ తగిలిస్తే లక్ష్యంతోపాటు చుక్కా పెరుగుతుంది, కప్పే భాగం అంతే ఉంటుంది. మరి ఆ మాగ్నిఫయర్ ఎందుకంటే పోల్చుకోవడానికి.

స్కోపు ఇచ్చేదేమిటో అందరికీ తెలుసు. పుచ్చుకునేదేమిటో చాలామంది ఆలోచించరు. మొదటిది, ఊపు కూడా పెద్దదవుతుంది. పన్నెండింతల స్కోపులో తన గుండె కొట్టుకోవడం తనకే గీత మీద కనబడుతుంది. దానికి బెదిరి, గీత మధ్యకు వచ్చిన క్షణంలో టక్కున ట్రిగ్గర్ లాగేస్తాడు. దాంతో మూడో పని చెడిపోతుంది. కోచ్‌లు కొత్తవాళ్ళకు ఇంతలు తగ్గించమని చెప్పేది అందుకే. రెండోది, కన్ను పెట్టే చోటు. కటకం వెడల్పును ఇంతలతో భాగిస్తే వెనక నుంచి వచ్చే కాంతి వృత్తం వెడల్పు వస్తుంది. 32 మిల్లీమీటర్ల కటకం నాలుగింతలు చూపిస్తే 8 మిల్లీమీటర్ల వృత్తం, ధారాళం. 24 మిల్లీమీటర్లది ఆరింతలు చూపిస్తే 4, కాస్త ఇరుకు. ట్రిజికాన్ ఏకాగ్ స్కోపును కన్ను సుమారు నాలుగు సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చుకుని చూడాలి. వంకరగా పడుకుని, గోడ మూల నుంచి కాల్చేవాడికి అది అన్నిసార్లూ కుదరదు. గాజు నిండా నల్లటి నీడే కనబడుతుంది.

మూడోది మా మదురై ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు రేంజి నేల మీద నుంచి లేచే వేడిగాలి పదింతల స్కోపులో ఏరులా పారుతూ కనిపిస్తుంది. లక్ష్యం ఉన్నచోట కాక కొంచెం పక్కన, కొంచెం పైన ఉన్నట్టు తోస్తుంది. కటకం ఆ వణుకును కూడా అన్ని ఇంతలు చేస్తుంది. తెలిసినవాళ్ళు ఆ పారుదలను చూసి గాలి ఎటు వీస్తోందో లెక్కగడతారు కాబట్టి ఇది పూర్తిగా నష్టమని చెప్పలేను.

నాలుగోది చూపు వెడల్పు. ఈ చర్చలో ఎవరో ఒకరు అర్జునుడి పిట్ట కన్ను కథ తీస్తారు. చెట్టూ కొమ్మా గురువుగారూ ఎవరూ కనబడక పిట్ట కన్ను మాత్రమే కనబడటం అచ్చంగా ఎక్కువ ఇంతల స్కోపు లక్షణం. ద్రోణుడి పరీక్షలో అది గుణం. వీధిలో కాల్చేవాడికి పెద్ద లోపం. పక్క గుమ్మంలోంచి ఎవరు పరుగెత్తుకొచ్చారో అతనికి తెలియదు. నాలుగింతల ఏకాగ్‌లో 100 మీటర్ల దగ్గర 12 మీటర్ల మేర కనబడుతుంది. పదింతలవాటిలో సాధారణంగా మూడు నాలుగు మీటర్లే. ఎర్రచుక్కకు ఈ హద్దు ఇంచుమించుగా లేదు, రెండో కన్ను తెరిచే ఉంటుంది కనుక.

సైన్యాలు ఈ గొడవలో ఎటు మొగ్గాయన్నది ఆసక్తికరమైన చరిత్ర. 1952లో అమెరికా సైనిక పరిశోధకుడు నార్మన్ హిచ్‌మన్ పదాతిదళపు తుపాకీ మీద రాసిన నివేదిక ప్రకారం రైఫిలుతో జరిగే పోరు ఎక్కువ భాగం 300 గజాల లోపే. పైగా నిజమైన పోరులో గురి నైపుణ్యం 100 గజాలు దాటేసరికే బాగా పడిపోతోంది. చిన్న తూటాలవైపు, ఆ తర్వాత ఎర్రచుక్క వైపు నడిపించిన ఆలోచనకు ఇదొక వేరు. 1997లో ఆ సైన్యం ఎయిమ్‌పాయింట్‌తో పెద్ద ఒప్పందం చేసుకుంది. ఐరోపా మాత్రం వేరే దారి పట్టింది. ఆస్ట్రియా 1977లో తన స్టెయిర్ రైఫిలుకు ఒకటిన్నర ఇంతల స్కోపును మోసే పిడిలోనే కలిపేసింది. బ్రిటన్ 1980లలో నాలుగింతల సుసాట్‌ను మామూలు సిపాయి చేతికే ఇచ్చింది. అఫ్ఘానిస్తాన్ కొండల్లో పోరు దూరాలు పెరిగిపోయాయి. 2009లో అమెరికా సైన్యపు మేజర్ థామస్ ఎర్‌హార్ట్ రాసిన అధ్యయనం అక్కడి కాల్పుల్లో సగానికి పైగా 300 మీటర్లకు ఆవలే జరుగుతున్నాయని, సిపాయిల శిక్షణా, వాళ్ళ తుపాకులూ అందుకు సరిపోవట్లేదని తేల్చింది. హిచ్‌మన్, ఎర్‌హార్ట్ ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఒకరు చూసింది ఐరోపా, కొరియా నేల. ఇంకొకరు చూసింది బోడి కొండలు. యుద్ధం ఎక్కడన్నది తెలియకుండా సైటు ఎంచితే ఇలాగే ఇరవయ్యేళ్ళకోసారి మారుస్తూ ఉండాలి.

మధ్యలో ఇంకొక పాఠం. 1989-90లో అమెరికా సైన్యం తన ఎమ్16ఏ2 కన్నా రెట్టింపు తగిలే రైఫిలు కావాలని నాలుగు కొత్త నమూనాలు పరీక్షించింది. బాణంలాంటి తూటాలు, జంట తూటాలు, తొడుగు లేని తూటాలు, అన్నీ చూసింది. ఏదీ రెట్టింపు దగ్గరికి రాలేదు. భయమూ ఆయాసమూ ఉన్నచోట పెద్ద తప్పు మనిషిదే. వాటిలో ఒకదాని మీద పెట్టిన మూడున్నర ఇంతల స్కోపు మాత్రం, ఆ తుపాకులన్నీ మూలపడ్డాక కూడా, బతికి బట్టకట్టింది.

సైటు ఎంత మంచిదైనా దాన్ని రైఫిలుకు పట్టి ఉంచేది మౌంటు. దీని గురించి రాసేవాళ్ళు తక్కువ. 10 సెంటీమీటర్ల పొడవున్న మౌంటు ఒక చివర 0.03 మిల్లీమీటర్లు కదిలితే గురి ఒక మినిట్ పక్కకు పోతుంది. తల వెంట్రుకలో సగం మందం కూడా కాదది. కోయంబత్తూరు లేత్ షాపుల్లో పెరిగినవాళ్ళకు ఈ అంకె చెబితే చాలు, తక్కింది వాళ్ళే చెబుతారు: బోల్టు ఎంత బిగించాలో, విప్పి మళ్ళీ పెడితే అదే చోట కూర్చోవాలంటే అంచు ఎలా కొయ్యాలో. మిల్లులకు మర భాగాలు చేసిన కమ్మవారి పట్టణం ఇవాళ తమిళనాడు రక్షణ పారిశ్రామిక కారిడార్‌లో ఒక కేంద్రం. అక్కడివాళ్ళకు చేతకాని పని కాదు. చవక సైటు కొని గురి నిలవట్లేదని తిట్టుకునేవాళ్ళలో చాలామంది ముందు తిట్టాల్సింది మౌంటునే.

వేడి కూడా గురిని జరుపుతుంది. 2015లో ఈఓటెక్ హోలోగ్రాఫిక్ సైట్లు ఎక్కువ వేడిలో, చలిలో గురి జరుపుతున్నాయని తెలిసీ చెప్పలేదన్న కేసులో దాని మాతృసంస్థ అమెరికా ప్రభుత్వానికి 2 కోట్ల 56 లక్షల డాలర్లు కట్టింది. మన దగ్గర జైసల్మేర్ ఇసుకా సియాచిన్ మంచూ ఒకే సైన్యం చూస్తుంది. కొనే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఎన్ని ఇంతలని కాదు, ఎన్ని డిగ్రీల తేడాలో గురి ఎంత జరుగుతుందని.

ఇక్కడి తయారీ గురించి కొంచెం. మదురైకి ఉత్తరాన తిరుచ్చి తుపాకుల ఫ్యాక్టరీలో ఇన్సాస్ రైఫిళ్ళు వేలకు వేలు తయారయ్యాయి, ఇనుప సైట్లతోనే. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా విడగొట్టినప్పుడు తుపాకులు ఒక కంపెనీకి, కటకాలు డెహ్రాడూన్‌లోని ఇంకో కంపెనీకి పోయాయి. రైఫిలునూ సైటునూ ఒకే పనిముట్టుగా చూడాల్సిన రోజుల్లో ఈ విభజన నాకు నచ్చలేదు. తెలుగునేల మీద కటకాల విద్య అంతకంటే పాతది. 1926లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసి, రాత్రిపూట చూపించే పరికరాలకు పేరుపడింది. ఇప్పుడు నిమ్మలూరులో కొత్త ఫ్యాక్టరీ కూడా వచ్చింది. 2024 జనవరిలో పుణెలోని ఆయుధ పరిశోధనా సంస్థ ఆర్డే, హైదరాబాదు కంపెనీ ద్వీపా ఆర్మర్‌తో కలిసి ఉగ్రం అనే 7.62 రైఫిలును బయటపెట్టింది. 500 మీటర్ల రైఫిలు అది. 200 మీటర్లకు సరిచేసిన ఎర్రచుక్కతో 400 మీటర్ల లక్ష్యాన్ని కొట్టాలంటే తూటా అరమీటరుకు పైగా దిగజారుతుంది; ఎంత పైకి పట్టాలో చుక్క చెప్పదు, స్కోపులోని గీతలు చెబుతాయి. అలాంటి తూటాకు చుక్క ఒక్కటే పెట్టడం రైఫిలును సగానికి కుదించడమే.

లైసెన్సు అక్కర్లేని ఎయిర్ రైఫిలు కొన్న ఇంటి కుర్రాళ్ళు కూడా ఇదే ప్రశ్న అడుగుతారు, కాబట్టి వాళ్ళకో మాట. స్ప్రింగు ఎయిర్ రైఫిలు ముందు వెనక్కి తన్ని, వెంటనే ముందుకు గుంజుతుంది. పెద్ద తుపాకీ మీద నిలిచే స్కోపు కూడా ఈ రెండు వైపుల కుదుపుకు లోపల విరిగిపోవచ్చు. ఎయిర్‌గన్‌కని చేసినదే కొనాలి. ఇంకొకటి, పెద్ద రైఫిలు స్కోపులు చాలావరకు 100 మీటర్ల చుట్టూ సర్దినవి. 40 మిల్లీమీటర్ల కటకం ఉన్నదాన్ని 10 మీటర్ల దగ్గర వాడుతూ కంటిని అంచుకు జరిపితే గీత 18 మిల్లీమీటర్ల దాకా తప్పు చూపగలదు. పది చుక్క అరమిల్లీమీటరు! 10 మీటర్లకు దూరం సర్దుకునే చక్రం ఉన్నదే ఎంచుకోవాలి. పోటీలకు పోవాలనుకునేవాడైతే ఏదీ కొనొద్దు. రంధ్రం సైటుతోనే మొదలుపెట్టాలి, పోటీలో ఒప్పుకునేది అదొక్కటే. ఆడే పిల్లలకు డబ్బాలు పడగొట్టడానికి చవక ఎర్రచుక్క చాలు, సరదాగా కూడా ఉంటుంది.

రెండింటినీ కలిపే మధ్యేమార్గం ఇప్పుడు ఊపులో ఉంది. ఒక ఇంత నుంచి ఆరు, ఎనిమిది ఇంతల దాకా తిప్పుకునే స్కోపులు. అమెరికా మెరైన్లు 2020లో ట్రిజికాన్ ఒకటి-ఎనిమిది ఇంతలదాన్ని ఎంచుకున్నారు. ఆ దేశ సైన్యం 2022లో తన కొత్త రైఫిలుకు వోర్టెక్స్ వాళ్ళ కంప్యూటరు స్కోపు తీసుకుంది. మంచివే. కానీ ఒక ఇంత దగ్గర పెట్టినా అవి ఎర్రచుక్కలు కావు. తల కొంచెం పక్కకు పోతే నీడ వస్తుంది. బరువు మరో చిక్కు. చిన్న ఎయిమ్‌పాయింట్ మైక్రో 85 గ్రాముల దగ్గర తూగుతుంది, కొన్ని ఆరింతల స్కోపులు మౌంటు లేకుండానే 600 గ్రాములు దాటుతాయి. అర కిలో తేడా రైఫిలు ముక్కు మీద కాకపోయినా నడుం మీద తెలుస్తుంది, కొండ ఎక్కేటప్పుడు మరీ.

పది మంది సిపాయిల సెక్షన్‌లో అందరికీ ఒకే సైటు ఇవ్వాలన్న పట్టుదల గుమాస్తాలది. పది మందిలో ఏడెనిమిది మందికి గట్టి ఎర్రచుక్క, మంచి మౌంటు చాలు. 200 మీటర్ల దూరంలో నిలబడ్డవాడి చేతిలో ఉన్నది కర్రా, ఫోనా, తుపాకీయా అని చెప్పాల్సిన ఇద్దరికో ముగ్గురికో మాత్రం ఇంతలు పెంచే గాజు తప్పనిసరి, వాళ్ళు తూటా కాల్చినా కాల్చకపోయినా. మిగిలిన డబ్బు తూటాలకు పెట్టాలి. పైన వేసిన లెక్కలో 8 మినిట్ల ఊపును 5కు దించితే మొత్తం 8.6 నుంచి 6కు దిగుతుంది. అంత తగ్గించే సైటు ఏ కంపెనీ దగ్గరా లేదు. రేంజిలో కాల్చిన తూటాలే తగ్గించాలి.